బయటి భోజనంలో ఆహార వృథా: మర్యాద, పరువు, ఎంగిలి

హోటల్లో, మెస్‌లో, ఫంక్షన్ హాల్లో, కాలేజీ క్యాంటీన్‌లో, అంటే ఇంటి పొయ్యికి దూరంగా ఇంకొకరు వండి పెట్టగా తినే భోజనంలో, తినడానికి పనికొచ్చేదై ఉండి కూడా చెత్తకుండీ పాలయ్యే భాగాన్ని బయటి భోజనపు వృథా అంటారు. ఇది మూడు చోట్ల పుడుతుంది. నిల్వలో చెడిపోయేది కొంత, తరిగేటప్పుడు, వండేటప్పుడు పోయేది కొంత, వడ్డించాక పళ్లెంలో మిగిలిపోయేది కొంత. మొదటి రెండూ వంటవాళ్ల నేర్పు, ఫ్రిజ్, సరుకుల లెక్కల మీద ఆధారపడతాయి. మూడోది ఆకలి మీదే ఆధారపడాలి. కానీ ఆకలి కన్నా మర్యాద, పరువు, మొహమాటం, ఎంగిలి పట్టింపు, కరువు జ్ఞాపకాలే దాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ మూడోదాని గురించి.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన ఆహార వృథా సూచిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. ఇందులో 63.1 కోట్ల టన్నులు ఇళ్లలో, 29 కోట్ల టన్నులు హోటళ్లు, క్యాంటీన్లు, కేటరింగ్ వంటి ఆహార సేవల్లో, 13.1 కోట్ల టన్నులు దుకాణాల్లో పోయాయి. బయటి భోజనం వాటా నాలుగో వంతుకు పైనే. అందులో పళ్లేల భాగం ఎంతో చెప్పే లెక్క బ్రిటన్‌లో ఉంది. అక్కడి ర్యాప్ అనే సంస్థ 2013లో ప్రకటించిన ప్రకారం హోటళ్లు, ఆహార సేవల వృథా ఏటా 9.2 లక్షల టన్నులు. అందులో 45 శాతం తయారీలో, 21 శాతం చెడిపోయి, 34 శాతం తినేవాళ్లు వదిలేయగా పోయినవి. ఎవరి పళ్లెం వారు చెప్పుకునే దేశంలో లెక్క ఇది. పదిమందికి కలిపి ఒకరు ఆర్డరిచ్చే చోట, పిలిచినవారు వండించి పెట్టే చోట కథ వేరుగా ఉంటుంది.

కట్టుబాటు ఒకటి, అలవాటు ఒకటి

అన్నం పారేయడం మంచిదని చెప్పే సంస్కృతి ఎక్కడా లేదు. తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నాన్ని నిందించకపోవడాన్ని, నిరాకరించకపోవడాన్ని, విస్తారంగా పండించడాన్ని వ్రతాలుగా చెబుతుంది. తినడంలోనూ తాగడంలోనూ మితిమీరడాన్ని ఖురాన్ వారిస్తుంది. జపాన్‌లో వస్తువు విలువ వృథా పోతున్నప్పుడు కలిగే బాధను ‘మొత్తాయ్‌నాయ్’ అంటారు. కెన్యా పర్యావరణ ఉద్యమకారిణి, నోబెల్ శాంతి బహుమతి గ్రహీత వంగారి మాతాయ్ 2005లో జపాన్ వెళ్లినప్పుడు ఆ మాటకు ముగ్ధురాలై దాన్ని ప్రపంచ వేదికల మీద ప్రచారం చేశారు.

ఇన్ని బోధలున్నా కుండీలు నిండుతున్నాయంటే కారణం వెతకాల్సింది బోధల్లో కాదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్డీనీ, ఆయన సహచరులు చెత్త పారవేసే అలవాటు మీద చేసిన ప్రయోగాలను 1990లో ప్రచురించారు. ఏం చేయాలన్నది ఒక కట్టుబాటు, చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారన్నది మరొకటి, రెండూ మనిషిని నడిపిస్తాయని వారు తేల్చారు. అప్పటికే చెత్త పడి ఉన్న చోట జనం ఇంకాస్త ధైర్యంగా చెత్త వేశారు. ఫంక్షన్ హాల్లో ఎంగిలి ప్లేట్లు వేసే టబ్ దగ్గర నిలబడి చూస్తే ఇదే కనిపిస్తుంది. అందులో బిర్యానీ, గులాబ్‌జామూన్లు కుప్పగా పడి ఉంటే తన ప్లేటులో మిగిలిన నాలుగు ముద్దల గురించి ఎవరూ సిగ్గుపడరు.

బయట తినేటప్పుడు ఇంకొకటి తోడవుతుంది. అన్నాన్ని గౌరవించాలన్న విలువకు అతిథిని గౌరవించాలన్న విలువ ఎదురు నిలుస్తుంది. రెండూ మంచివే, రెండూ పెద్దలు నేర్పినవే. వృథా ఎక్కువగా ఉన్న సమాజాలను చూస్తే అక్కడి మనిషికి రెండు పనులు కష్టంగా ఉన్నాయని తెలుస్తుంది. ఒకటి, మొహమాటం లేకుండా మళ్లీ అడగడం. రెండు, పెట్టేవారి మనసు నొచ్చుకోకుండా చాలు అనడం.

చైనా: బల్ల నిండితేనే పరువు

అతిథి మర్యాద వల్ల కలిగే వృథాను బాగా అధ్యయనం చేసిన దేశం చైనా. అక్కడ హోటల్లో వంటకాలు బల్ల మధ్యలో పెట్టుకుని అందరూ పంచుకుంటారు. పిలిచిన వ్యక్తే అందరి తరఫునా ఆర్డరిస్తాడు. ముందు చల్లటి వంటకాలు, తర్వాత మాంసం, చేప, కూరలు వస్తాయి. అన్నమో నూడుల్సో చివరన వస్తుంది. అప్పటికి కడుపులు నిండి ఉంటాయి. గిన్నెలన్నీ ఖాళీ అయితే తక్కువ పెట్టాడన్న మాట వస్తుంది గనుక, మిగలడమే సమృద్ధిగా పెట్టినందుకు గుర్తు. అతిథి కూడా కొంచెం వదిలేసి, తృప్తిగా తిన్నానని తెలియజేస్తాడు.

దీని వెనక ఉన్నది ‘మియెన్‌ట్స్’, అంటే నలుగురిలో పరువు. మానవశాస్త్రవేత్త హు శియెన్‌చిన్ 1944లోనే చైనీయుల పరువు భావనను రెండుగా విడదీసి చూపింది. హోదా, విజయం, ఆడంబరం వల్ల వచ్చే పరువు ఒకటి. నీతిగా బతకడం వల్ల సమాజం ఇచ్చే గౌరవం ఇంకొకటి. బల్ల నిండా పరిచిన వంటకాలు మొదటి రకం పరువును పెంచుతాయి. ఆ తర్వాత అక్కడ ఆహార వృథా మీద వచ్చిన ఉద్యమాలన్నీ, నా లెక్కలో, వృథా సమస్యను మొదటి రకం నుంచి రెండో రకానికి మార్చే ప్రయత్నాలే.

చైనా విజ్ఞాన అకాడమీ పరిశోధకులు బీజింగ్, షాంఘై, చెంగ్డూ, లాసా నగరాల్లో 195 హోటళ్లలో 3,557 బల్లల మీద మిగిలినదాన్ని తూకం వేశారు. మనిషికి పూటకు సగటున 93 గ్రాములు తేలింది. చిన్న హోటళ్ల కన్నా పెద్ద హోటళ్లలోనే ఎక్కువ మిగిలింది. అడిగితే చెప్పిన లెక్క కాకుండా తూచిన లెక్క కావడం ఈ అధ్యయనం బలం. ఎంత వదిలేశారని అడిగితే ఎవరైనా తగ్గించే చెబుతారు.

2012 డిసెంబరులో కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం అధికారుల విందులు, ఆర్భాటాల మీద ఆంక్షలు పెట్టింది. 2013 జనవరిలో బీజింగ్‌లో కొందరు పౌరులు ‘పళ్లెం ఖాళీ’ ఉద్యమం మొదలుపెట్టి కరపత్రాలు పంచారు. ప్రభుత్వం దాన్ని అందిపుచ్చుకుంది. 2020 ఆగస్టులో దేశాధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ఆహార వృథా మీద కఠినంగా మాట్లాడాక రెండు స్పందనలు వచ్చాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. వుహాన్ హోటళ్ల సంఘం, పదిమంది వస్తే ముందు తొమ్మిది వంటకాలే చెప్పండి, చాలకపోతే తర్వాత చూసుకోవచ్చు అన్న పద్ధతి ప్రతిపాదించింది. చాంగ్షాలో ఒక హోటల్ అయితే ద్వారం దగ్గర తూనిక యంత్రం పెట్టి, లోపలికొచ్చేవారి బరువును బట్టి వంటకాలు సూచించబోయింది. జనం మండిపడ్డారు, హోటల్ క్షమాపణ చెప్పింది. మొదటిది అతిథి పరువుకు భంగం లేకుండా లెక్క తగ్గించింది. రెండోది అతిథినే అవమానించింది. 2021 ఏప్రిల్ 29న చైనా ఆహార వృథా నిరోధక చట్టం చేసింది. అతిగా ఆర్డరిచ్చేలా ప్రేరేపించే హోటళ్లకు 10,000 యువాన్ల వరకూ, అతిగా తినడాన్ని చూపే వీడియోలు ప్రసారం చేసే సంస్థలకు 1,00,000 యువాన్ల వరకూ జరిమానా ఉంది. ఎక్కువగా వదిలేసినవారి నుంచి హోటల్ అదనపు రుసుము తీసుకోవచ్చు.

దక్షిణ కొరియాది ఇంకో దారి. అక్కడ ఏ హోటల్లోనైనా ముఖ్య వంటకంతో పాటు చిన్న గిన్నెల్లో పచ్చళ్లు, వేపుళ్లు ఉచితంగా వస్తాయి, అడిగితే మళ్లీ తెస్తారు. గిన్నెలు తగ్గితే హోటల్ పిసినారిదవుతుంది. ఆ దేశం 2005లో ఆహార వ్యర్థాలను చెత్త దిబ్బల్లో పూడ్చడం నిషేధించి, 2013 నుంచి పరిమాణాన్ని బట్టి రుసుము వసూలు చేస్తోంది. ఇప్పుడు 95 శాతం దాకా వ్యర్థం ఎరువుగానో పశువుల దాణాగానో గ్యాస్‌గానో మారుతోంది. ఇది గొప్ప విజయమే, కానీ అది మిగిలినదాన్ని వాడుకోవడంలో వచ్చిన విజయం. గిన్నెల సంఖ్య జోలికి వెళ్లడం చట్టానికి కూడా కష్టమే.

బంతి నుంచి బఫేకి

తెలుగు పెళ్లి నుంచి తిరిగొచ్చినవారిని ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న భోజనాలు ఎలా ఉన్నాయని. పిల్ల ఎలా ఉంది, పిల్లాడు ఎలా ఉన్నాడు అన్నవి తర్వాత. ఫలానావారి పెళ్లిలో చివరి బంతికి కూర చాలలేదట అన్న మాట పదేళ్లయినా పోదు. మిగిలిందన్న మాట మాత్రం మూడు రోజుల్లో మరిచిపోతారు. వండించేవారు ఎటువైపు మొగ్గుతారో ఈ ఒక్క తేడా చెబుతుంది.

పాత బంతి భోజనంలో అతి మర్యాద లేదని కాదు. కొసరి కొసరి వడ్డించడం అక్కడి ధర్మం. ఇంటాయన స్వయంగా లడ్డూల పళ్లెం పట్టుకుని వరస వెంట నడుస్తూ, ‘ఇంకొక్కటి వేయించుకోండి బావగారూ’ అంటాడు. బావగారు రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెడతాడు. చేతుల సందులోంచి లడ్డూ పడనే పడుతుంది. అందరూ నవ్వుతారు. ఆ లడ్డూ మిగిలిపోవచ్చు. అయితే బంతిలో వృథాను అదుపులో ఉంచే ఏర్పాటు ఒకటి దాగి ఉంది. వడ్డన కొద్దికొద్దిగా, వరసక్రమంలో జరుగుతుంది. పప్పు అయ్యాక కూర, పులుసు అయ్యాక పెరుగు. వడ్డించేవారు మళ్లీ వస్తారని కూర్చున్నవారికి నమ్మకం. మారు వడ్డన ఉందని తెలిసినప్పుడు మొదటిసారే కుప్ప పోయించుకోవాల్సిన పని లేదు. పిల్లల విస్తట్లో ఎంత వేయాలో పక్కన కూర్చున్న అమ్మమ్మ చెబుతుంది. తినకుండా లేచిపోతే పక్కవాళ్లు చూస్తారు.

బఫేలో ఈ కట్టుబాట్లన్నీ ఒక్కసారిగా తెగిపోయాయి. క్యూ పొడవుగా ఉంటుంది, రెండోసారి నిలబడే ఓపిక ఉండదు. అందుకని ఒక్క ప్లేటులోనే పులిహోర, బిర్యానీ, రెండు వేపుళ్లు, పన్నీరు కూర, అప్పడం, జిలేబీ, పెరుగన్నం సర్దుకుంటారు. నడిచొచ్చేసరికి సాంబారు పారి జిలేబీ తడుస్తుంది, రైతా వేపుడులో కలుస్తుంది. కూర్చోడానికి కుర్చీ దొరకదు. ఒక చేత్తో ప్లేటు, మరో చేత్తో నీళ్ల సీసా, పలకరించే చుట్టాలు. ఈలోగా లైవ్ కౌంటర్‌లో వేడి దోసె కనిపిస్తుంది. చేతిలో ప్లేటు వదిలి కొత్త ప్లేటు తీసుకుంటారు. తడిసిన జిలేబీ, సగం తిన్న బిర్యానీ టబ్‌లోకి వెళతాయి. చేతులు అడ్డం పెట్టేవారు లేరు, చూసేవారు లేరు, పెట్టినవారు ఎవరో కూడా గుర్తుండదు. బఫేలో తినేవాడే స్వయంగా పెట్టుకుంటాడు కాబట్టి తక్కువ వృథా కావాలని లెక్క. జరుగుతున్నది దానికి విరుద్ధం.

బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం 2010 దశకం మొదట్లో అక్కడి కల్యాణ మండపాలను పరిశీలించి, ఒక్క ఆ నగరంలోని పెళ్లిళ్లలోనే ఏటా 943 టన్నుల మంచి ఆహారం వృథా అవుతోందని అంచనా వేసింది. విజయవాడ, హైదరాబాద్ పెళ్లిళ్లు ఆ తీరుకు భిన్నంగా జరుగుతాయని అనుకోవడానికి కారణమేదీ కనిపించదు.

వంటకాల సంఖ్య పరువుగా మారడం ఇంకో పెద్ద మార్పు. 2022 సంక్రాంతికి నరసాపురంలో కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డించిన వార్త దేశమంతా పాకింది. ఆ ఇంటివారు ముచ్చటకొద్దీ చేసుకున్న పండగ అది, వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గోదావరి జిల్లాల ఆప్యాయత అలాంటిది. కానీ ఒక ఇంటి ముచ్చట ఊరందరికీ కొలమానమైనప్పుడు, అప్పు చేసి పెళ్లి చేసే తండ్రి కూడా కేటరర్ ముందు కూర్చుని వంటకాల జాబితా పెంచుకుంటూ పోతాడు. మనిషి కడుపు మాత్రం అంతే ఉంటుంది.

హోటల్ బల్ల దగ్గర మన అలవాటు చైనావారికి దగ్గరగానే ఉంటుంది. ట్రీట్ ఇచ్చేవాడు మెనూ పట్టుకుంటాడు. ‘ఏదైనా పర్లేదు’ అని మిగతావారు అంటారు. నిజంగా ఏం కావాలో చెబితే భారం మోపినట్టవుతుందని వారి మొహమాటం, తక్కువ చెబితే పిసినారి అనుకుంటారని ఇతని భయం. ఈ రెండింటి మధ్య అవసరానికి మించిన స్టార్టర్లు బల్ల మీదికి వస్తాయి. దీనికి విరుగుడు కూడా మన దగ్గరే ఉంది. ఇద్దరు ఒక సూప్‌ను ‘వన్ బై టూ’ అని నిస్సంకోచంగా చెప్పుకునే అలవాటు హైదరాబాద్ హోటళ్లలో ఎప్పటినుంచో ఉంది. సర్వర్ అడక్కుండానే రెండు గిన్నెల్లో పోసి తెస్తాడు. తక్కువ చెప్పడం తప్పు కాదని హోటలే ఒప్పుకున్న మర్యాద అది. బిర్యానీకి, కూరలకు సగం ప్లేటు అన్ని చోట్లా దొరికితే ఎంత ఆదా అవుతుందో ఊహించవచ్చు.

ఎంగిలి

బ్రిటన్ మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో రాసిన ‘ప్యూరిటీ అండ్ డేంజర్’ పుస్తకంలో మురికి అంటే ఉండాల్సిన చోట లేని పదార్థమని వివరించింది. అర్జున్ అప్పాదురై 1981లో తమిళ బ్రాహ్మణ కుటుంబాల విందులను పరిశీలించి, వరసలో ఎవరు ముందు కూర్చుంటారు, ఎవరికి ముందు వడ్డిస్తారు, ఎవరు ఎవరి మిగులు తింటారు అన్నవి అధికారాన్ని, సాన్నిహిత్యాన్ని ఎలా చాటుతాయో చూపాడు. మన దేశంలో పళ్లెంలో మిగిలిన అన్నం గురించి మాట్లాడాలంటే ఈ చూపు తప్పనిసరి. చేయి తగలని గిన్నెలో మిగిలినది మిగులు. చేయి తగిలినది ఎంగిలి. మొదటిది ఇంకొకరికి పెట్టవచ్చు, రెండోది పెట్టకూడదు. పళ్లెంలోకి వచ్చిన క్షణం నుంచీ ఆ అన్నానికి ఇంకో గమ్యం ఉండదు. తల్లి బిడ్డ ఎంగిలి తినడం ప్రేమ, భక్తుడు దేవుడి నైవేద్యాన్ని ప్రసాదంగా తినడం భక్తి. అంతకు మించి దారి మూసుకుపోయినట్టే.

మూసుకుపోయిందన్నది పైకులాల మాట. కింద ఉంచబడినవారికి ఆ దారి అవమానంతో తెరిచి ఉండేది. విందు ముగిశాక పారేసిన విస్తళ్ల కోసం పందిరి బయట ఎదురుచూసిన మనుషులు ఈ దేశంలో ఉన్నారు. ఉత్తరప్రదేశ్ దళిత రచయిత ఓంప్రకాశ్ వాల్మీకి 1997లో వెలువడిన తన ఆత్మకథకు ‘జూఠన్’ అంటే ఎంగిలి అన్న పేరే పెట్టాడు. పెళ్లిళ్లలో ఎంగిలి విస్తళ్లు ఏరుకుని, మిగిలిన పూరీ ముక్కలు ఎండబెట్టి దాచుకున్న బాల్యం అందులో ఉంది. ఇవాళ మిగిలిన ఆహారాన్ని పేదలకు పంచుదామని ఉత్సాహపడేవారు ఈ చరిత్ర తెలుసుకుని పంచాలి. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో మిగులు ఆహార సేకరణ, పంపిణీ నియమాలు తెచ్చి, మిగులును సురక్షితంగా, గౌరవంగా చేర్చే బాధ్యతను సంస్థల మీద పెట్టింది. 2014లో ఢిల్లీలో మొదలై అనేక నగరాలకు విస్తరించిన రాబిన్‌హుడ్ ఆర్మీ వంటి స్వచ్ఛంద బృందాలు హోటళ్ల మిగులును సేకరిస్తున్నాయి. వీరికి దొరికేది గిన్నెల్లో మిగిలినదే. పళ్లెంలో మిగిలినదాన్ని ఇంకొకరికి చేర్చడం వీరివల్ల కాదు.

కరువు జ్ఞాపకం

పళ్లెం ఊడ్చి తినడం చాలాచోట్ల ఆకలి నేర్పిన అలవాటు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఆహార పాలనా విభాగం పిల్లలతో ‘క్లీన్ ప్లేట్’ ప్రతిజ్ఞలు చేయించింది. పళ్లెం ఖాళీ చేస్తే రేపు ఎండ కాస్తుందని జర్మనీలో పిల్లలకు ఇప్పటికీ చెబుతారు. మనకూ 1876-78 నాటి ధాత కరువు కథలు, గంజి కేంద్రాల కథలు ఉన్నాయి. 1965లో ఆహార కొరత వచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి వారానికో పూట భోజనం మానమని కోరితే సోమవారం సాయంత్రాలు హోటళ్లు కూడా మూసేశారు. ఎవరికీ జరిమానా వేయకుండానే అది జరిగింది.

ఆ జ్ఞాపకమున్న తరం వెళ్లిపోతోంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పుట్టినవారిలో చాలామందికి అన్నం దొరకని రోజు ఊహకు అందదు. అది ఆ పథకం సాధించిన మేలు. ఆకలి భయంతో అన్నాన్ని గౌరవించడం కన్నా భయం లేకుండా గౌరవించడం మెరుగైన స్థితి, కాకపోతే దాన్ని కొత్తగా నేర్చుకోవాలి. ఆకలి భయం మనకన్నా ముందే పోయిన అమెరికాలో పళ్లెం పెద్దదైపోయింది. 2003లో పాల్ రోజిన్ బృందం హోటళ్లలో వడ్డించే పరిమాణాలను తూస్తే పారిస్‌లో సగటున 277 గ్రాములు, ఫిలడెల్ఫియాలో 346 గ్రాములు తేలింది.

డబ్బాలో పెట్టి ఇవ్వండి

అమెరికా ఆ పెద్ద పళ్లేనికి ఒక దారి వెతుక్కుంది. తినగా మిగిలినదాన్ని డబ్బాలో పెట్టించుకుని ఇంటికి తీసుకెళ్లడం అక్కడ మామూలు విషయం. కుక్క కోసమని చెప్పుకోవడంతో మొదలైన ఈ అలవాటులో సిగ్గు ఎప్పుడో పోయింది. అక్కడికి వెళ్లిన తెలుగువారు ఏడాది తిరక్కుండానే నేర్చుకునే పద్ధతుల్లో ఇదొకటి. ఫ్రాన్స్‌లో మాత్రం భోజనం ఆ బల్ల దగ్గర, ఆ గంటలో ముగిసే కళ. మిగిలినది అడగడం ఆ కళకు మచ్చ. చట్టం వచ్చి 2021 జులై 1 నుంచి హోటళ్లు అడిగినవారికి డబ్బా ఇవ్వడం తప్పనిసరి చేయాల్సి వచ్చింది. స్పెయిన్ కూడా 2025లో అలాంటి చట్టమే చేసింది.

జపాన్‌లో అడ్డు వేరే రకం. ఇంటికి తీసుకెళ్లిన ఆహారం తిని ఎవరికైనా జబ్బు చేస్తే తమ మీదికి వస్తుందని హోటళ్లు భయపడతాయి. శుభ్రత మీద అంత పట్టింపు ఉన్న దేశంలో ఆ భయం సహజం. అందుకే అక్కడ బల్ల దగ్గరే తినేలా చేసే ఉపాయాలు పుట్టాయి. ఆఫీసు విందుల్లో చిన్నవాళ్లు సీసా పట్టుకుని పెద్దల దగ్గరికి వెళ్లి పానీయం పోయడం మర్యాద. అందరూ లేచి తిరుగుతుంటే ఎవరి పళ్లెం ముందూ ఎవరూ ఉండరు. నాగనో రాష్ట్రంలోని మత్సుమోతో నగరం 2011లో 30-10 ఉద్యమం మొదలుపెట్టింది. విందు మొదలైన 30 నిమిషాలు ఎవరూ లేవకుండా తినాలి, ముగిసే 10 నిమిషాల ముందు అందరూ సీటుకు తిరిగొచ్చి మిగిలినది తినాలి. మధ్యలో పెద్దల మర్యాదలన్నీ యథావిధిగా సాగుతాయి. ఇది ఇతర నగరాలకూ పాకింది. మర్యాదను తీసేయకుండా దానికి వేళ కేటాయించిన ఈ ఉపాయం నాకు ఇప్పటివరకూ కనిపించినవాటిలో అందమైనది. 2019లో జపాన్ ఆహార నష్ట నివారణ చట్టం కూడా చేసింది.

మన ఊళ్లలో పార్సిల్ అనే మాట ఇడ్లీ బండి దగ్గర నుంచి బిర్యానీ హోటల్ దాకా అందరికీ తెలుసు. మిగిలిన సగం బిర్యానీని కట్టివ్వమని చిన్న హోటల్లో ఎవరైనా అడుగుతారు. అదే మనిషి స్టార్ హోటల్లో ఆఫీసువారితో ఉన్నప్పుడు నోరు మెదపడు. తేడా అన్నంలో లేదు, పక్కన కూర్చున్నవారిలో ఉంది.

ఒకే పళ్లెం, ఒకే బంతి

కొన్ని మత సమాజాలు ఈ చిక్కుముడిని భోజన విధానంలోనే విప్పేశాయి. దావూదీ బోహ్రాలు ఎనిమిదిమంది దాకా ఒక పెద్ద తాల్ చుట్టూ కూర్చుని చిటికెడు ఉప్పుతో మొదలుపెట్టి ఒకే పళ్లెంలో తింటారు. ఒకటి ముగిశాకే ఇంకో వంటకం వస్తుంది. ఒక్క గింజ కూడా మిగలకుండా చూసే స్వచ్ఛంద సేవకుల బృందాలు వారి విందుల్లో ఉంటాయి. సిక్కుల లంగర్‌లో రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి. ఎన్నిసార్లయినా అడగవచ్చు, తీసుకున్నది తినాలి. పళ్లెం కడిగిన నీళ్లు కూడా తాగే ఆచారం జైనుల్లో ఉంది. తిరుమలలో 1985 ఏప్రిల్ 6న మొదలైన నిత్యాన్నదానంలోనూ వడ్డన కొద్దికొద్దిగా, మారు అడిగితే మళ్లీ అన్న పద్ధతిలోనే సాగుతుంది. అక్కడ మెతుకు కింద పడితే కళ్లకద్దుకునే మనిషి వారం తర్వాత పెళ్లి బఫేలో సగం ప్లేటు వదిలేస్తాడు. అతని భక్తి తగ్గలేదు, చోటు మారింది.

మతబోధ ఒక్కటే చాలదనడానికి గల్ఫ్ దేశాల ఇఫ్తార్ బఫేలే సాక్ష్యం. ఉపవాసం నిగ్రహం కోసం. ఉపవాసం విడిచే బల్ల ఆతిథ్య ఔదార్యం కోసం. ఆకలితో ఉన్న కన్ను కడుపు కన్నా ఎక్కువ తీసుకుంటుంది.

జరిమానా, చిన్న పళ్లెం

వరంగల్ ప్రాంతంలో ఒక హోటల్, పళ్లెంలో వదిలేస్తే 50 రూపాయల జరిమానా, పూర్తిగా తింటే చిన్న బహుమతి అని ప్రకటించి వార్తల్లోకి వచ్చింది. యజమాని పట్టుదల మెచ్చుకోదగ్గది. అయితే జరిమానాకు ఒక ప్రమాదం ఉంది. ఇజ్రాయెల్‌లో పిల్లలను ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు బాలకేంద్రాలు జరిమానా పెడితే ఆలస్యాలు పెరిగాయని 2000లో ప్రచురితమైన గ్నీజీ, రుస్తికీనీ అధ్యయనం తేల్చింది. సిగ్గు స్థానంలో ధర వచ్చింది. డబ్బున్నవాడు ధర కట్టి వదిలేస్తాడు. అతిథుల సంఖ్యకు, వంటకాలకు హద్దు పెట్టే ఉత్తర్వులు కూడా మన దేశంలో వచ్చాయి. 2017లో జమ్మూ కశ్మీర్ ప్రభుత్వం కూతురి పెళ్లికి 500 మంది, కొడుకు పెళ్లికి 400 మంది అని నిర్ణయించింది. ఇలాంటివి అలవాటు మార్చిన దాఖలా కనిపించదు.

నార్వేలో కాల్‌బెక్కెన్, సేలన్ అనే పరిశోధకులు 2013లో ప్రచురించిన ప్రయోగం చాలా సాదాగా ఉంటుంది. కొన్ని హోటళ్ల బఫేలో పళ్లేల పరిమాణం తగ్గించారు. ఇంకొన్నింటిలో, ఎన్నిసార్లయినా వచ్చి వడ్డించుకోవచ్చని చిన్న బోర్డు పెట్టారు. రెండు చోట్లా వృథా ఇరవై శాతం దాకా తగ్గింది, అతిథుల తృప్తి తగ్గలేదు. ఆ బోర్డు చెప్పింది కొత్త విషయమేమీ కాదు, మారు వడ్డన ఉందన్న భరోసా. మన బంతిలో అడక్కుండానే దొరికిన భరోసా అది. బఫే తెచ్చుకున్నప్పుడు దాన్ని వదిలేసి వచ్చాం.

పిలుపులో లేని ప్రశ్న

తెలుగు శుభలేఖ సకుటుంబ సపరివార సమేతంగా రమ్మంటుంది, ఎంతమంది వస్తారని అడగదు. అడగడం అమర్యాద. పిలిచినవారికి రాలేమని చెప్పడం ఇంకా పెద్ద అమర్యాద. అందుకే అందరూ ‘తప్పకుండా వస్తాం’ అంటారు. కేటరర్ ప్లేటుకు ఇంత అని ముందే లెక్క కట్టుకుంటాడు. ఇంటాయన ఊహించి ఒక సంఖ్య చెప్పి, చాలకపోతుందేమోనని ఇంకో యాభై కలుపుతాడు. అతని అంచనా తప్పితే నష్టపోయేది అన్నం. పళ్లెం దగ్గరికి రాకముందే మొదలయ్యే ఈ వృథాకు కారణం నిర్లక్ష్యం కాదు, ప్రేమగా మాట్లాడుకోవడంలో ఉన్న మొహమాటం. దాన్ని ఒక్క ఫోనుతో తగ్గించవచ్చు.

ఈసారి పెళ్లి పిలుపు వస్తే ఎంతమంది వస్తున్నారో ముందు రోజే పిలిచినవారికి చెప్పండి, రాలేకపోతే అదీ చెప్పండి. పెళ్లి మీ ఇంట్లోనైతే వంటకాలు తగ్గించి, బఫే బల్లల దగ్గర నలుగురు వడ్డించేవారిని నిలబెట్టండి. కొద్దికొద్దిగా వడ్డించి, మళ్లీ రమ్మని నోరారా చెప్పమనండి.